ఆన్‌లైన్ స్టాటిస్టిక్స్ క్లాసు, ఊరికొక రకం స్టూడెంట్లు, ఒక సెమిస్టర్ - నా అనుభవం

మిన్నెసోటాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో అడ్జంక్ట్‌గా (అంటే పర్మినెంట్ కాని పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా) ఇంట్రో స్టాటిస్టిక్స్ చెప్తా, కొన్నేళ్ళుగా, మొత్తం ఆన్‌లైనే. మొన్న స్ప్రింగ్ సెమిస్టర్‌లో, అంటే 2025 జనవరి నుంచి మే దాకా, నా క్లాసుని "కల్చరల్లీ రెస్పాన్సివ్"గా, అంటే పిల్లల సంస్కృతికీ ఇంటి పరిస్థితులకీ తగ్గట్టు, మార్చి చెప్పమన్నారు, దానికి ముందు ట్రైనింగ్ కూడా ఇచ్చారు. మనవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, హెచ్4 ఈఏడీ (హెచ్1బీ మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో వచ్చే వర్క్ పర్మిట్) చేతికి రాగానే ఇలాంటి ఉద్యోగాలకి అప్లై చేస్తున్నారు కదా, ఈ మాట ఇంటర్వ్యూలోనే తగులుతుంది. వెతికితే పెద్ద పెద్ద మాటలే దొరుకుతాయి, రోజువారీ పనిలో ఏం మారుతుంది, ఎంత టైమ్ పోతుంది, డబ్బులేమైనా వస్తాయా అనేది ఎవరూ చెప్పరు. అందుకే జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

2024 సెప్టెంబర్ ఆఖరి వారంలో డీన్ ఆఫీస్ నుంచి మెయిల్ వచ్చింది. ఆరు వారాల ఆన్‌లైన్ ట్రైనింగ్, అక్టోబర్ 7న మొదలు, అది పూర్తిచేసి ఒక కోర్సుని తిరగరాస్తే 500 డాలర్ల స్టైపెండ్. ఇక్కడి స్టేట్ కాలేజీలకి ఈక్విటీ 2030 అని ఒక టార్గెట్ ఉంది, చదువు పూర్తిచేయడంలో జాతి బట్టీ ఆదాయం బట్టీ ఉన్న తేడాలు 2030 కల్లా పోవాలని, ఇలాంటి ట్రైనింగులన్నీ దాని కిందే వస్తాయి. పైగా 2024 ఫాల్ సెమిస్టర్ (ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా) నుంచి నార్త్ స్టార్ ప్రామిస్ అనే రాష్ట్ర పథకం మొదలైంది, ఇంటి ఆదాయం 80,000 డాలర్ల లోపు ఉంటే ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు, దాంతో ఇన్నాళ్ళూ కాలేజీ మొహం చూడనివాళ్ళు కూడా వచ్చి చేరారు. నాకు ఆ 500 మీద ఆశ లేదని చెప్పను. మా ఆయన మాత్రం "గంటకి ఎంత పడుతుందో ముందు లెక్కేసుకో, స్టాటిస్టిక్స్ మేడమ్‌వి నువ్వే కదా" అన్నాడు. ఆ లెక్క తర్వాత వేశా, చివర్లో చెప్తా.

ట్రైనింగ్‌లో మొదటి రెండు వారాలు చదవడమే పని. గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ అని, మా పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో మ్యాడిసన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేసినావిడ, 1990లలో ఈ ఆలోచనకి పునాది వేసింది ఆవిడే. ఆవిడ చెప్పింది ముఖ్యంగా మూడు సంగతులు. పిల్లలు చదువులో నిజంగా ఎదగాలి, తమ ఇంటి సంస్కృతిని వదులుకోకుండా ఎదగాలి, చుట్టూ జరిగే అన్యాయాన్ని గుర్తుపట్టి ప్రశ్నించగలగాలి. మా గ్రూపులో రెండోదాని గురించి గంటలు గంటలు మాట్లాడుకున్నారు, మూడోదాని గురించి కొంచెం ఆవేశపడ్డారు, మొదటిదాన్ని మాత్రం అందరూ చక్కగా దాటేశారు. నాకు అక్కడే తిక్క రేగింది. స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఏంటో తెలియకుండా ఒక పిల్ల నర్సింగ్ కోర్సులోకి వెళ్తే, నేను ఎంత ఆప్యాయంగా పేరు పెట్టి పిలిచి ఏం ఉపయోగం? ఇదే మాట అక్కడ రాశా, ఇద్దరు లైకులు కొట్టారు, అంతే.

నాలుగో వారం ఇంకో వింత. ఆ వారం అసైన్‌మెంట్ గడువు అక్టోబర్ 31 రాత్రి. అది మన దీపావళి, అదే రోజు హాలోవీన్, మా చిన్నాడికి సాయంత్రం డైనోసార్ వేషం వేసి చలిలో వీధులు తిప్పి, ఆ వేషం విప్పి కుర్తా తొడిగి ఇంట్లో లక్ష్మీపూజ దగ్గర కూర్చోబెట్టాలి. ఒక్కరోజు టైమ్ ఇవ్వండి అని ఇన్‌స్ట్రక్టర్‌కి రాశా. ఆవిడ చాలా మంచావిడ, వెంటనే ఇచ్చింది, ఇచ్చి "మీ పండగ గురించి గ్రూపులో అందరికీ ఒక పోస్ట్ పెట్టరా, మాకు నేర్చుకునే అవకాశం" అంది. ఇంకేం చేస్తాం, రాత్రి పదకొండింటికి ప్రమిదలు కడిగి పక్కన పెట్టి, చీకటి మీద వెలుగు విజయం అని ఒక పేజీ రాసి పడేశా. అందరూ ఎంత బాగుందో అన్నారు. నాకేమో ఒళ్ళు మండింది, ఒక్కరోజు గడువు అడిగినందుకు ఇంకో అసైన్‌మెంట్ వచ్చి పడింది, పైగా కోట్లమంది పండగకి నేనొక్కదాన్నే వకాల్తా. మొత్తం ట్రైనింగ్‌లో నాకు బాగా పనికొచ్చింది ఇదే. నా క్లాసులో ఎవర్నీ "మీవాళ్ళ గురించి చెప్పండి" అని అడగకూడదని ఆ రాత్రే అనుకున్నా.

నవంబర్ 15కి ట్రైనింగ్ అయిపోయింది. ఫాల్ గ్రేడ్లు వేసేసరికి డిసెంబర్ మూడో వారం. అక్కణ్ణుంచి జనవరి 13 దాకా, అందరూ సెలవుల్లో ఉన్నప్పుడు, నేను కోర్సు తిరగరాస్తూ కూర్చున్నా. మొదట చేసింది ఒక చిన్న సర్వే. మతం, జాతి, దేశం ఏవీ అడగలేదు. ఏమని పిలవాలి, మీ పేరు మీరే పలికి ఫోన్‌లో రికార్డ్ చేసి పంపండి, క్లాసు ఏ మెషీన్‌లో చూస్తారు, వారంలో ఏ గంటలు మీ చేతిలో ఉండవు, ఈ సెమిస్టర్‌లో ఏ రోజుల్లో మీకు కుదరదో ఇప్పుడే తెలుసా (కారణం రాయక్కర్లేదు), ఇంకా ఒకటి, రోజూ మీ పనిలో ఇంట్లో ఏ అంకెలు చూస్తుంటారు. ఈ ఆఖరి ప్రశ్నకి ఏదో ఊరికే ఒకటి రెండు వస్తాయిలే అనుకున్నా.

సెమిస్టర్ మొదలయ్యేనాటికి 28 మంది. పిల్లలు అంటున్నా గానీ పదిహేడేళ్ళ హైస్కూల్ అమ్మాయి నుంచి యాభై దాటిన నర్సింగ్ అసిస్టెంట్ దాకా ఉన్నారు. మినియాపొలిస్ సోమాలీలు, సెయింట్ పాల్ మాంగ్‌లు (లావోస్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు), ఇద్దరు మెక్సికన్ అక్కాచెల్లెళ్ళు, ఉత్తరాన ఒక రిజర్వేషన్ (నేటివ్ అమెరికన్ తెగల సొంత ప్రాంతం) నుంచి ఒజిబ్వే తెగ అబ్బాయి, పశ్చిమం వైపు పాడి రైతుల పిల్లలు, ఇలా. మొదటి వారంలో 22 మంది సర్వే నింపారు, మిగతావాళ్ళ వెంట పడాల్సొచ్చింది.

అంకెల ప్రశ్నకి వచ్చిన జవాబులు చూసి నోరెళ్ళబెట్టా. ఒకమ్మాయి వాళ్ళమ్మకి రోజూ షుగర్ చూసి రాస్తుందట. ఒకతను గోడౌన్‌లో గంటకి ఎన్ని ప్యాకెట్లు స్కాన్ చేశాడో సూపర్‌వైజర్ బోర్డు మీద పెడతాడట. రైతు కుర్రాడు ఆవుకి రోజుకి ఎన్ని పౌండ్ల పాలు. ఇంకొకావిడ సోమాలియాలో మొగదిషుకి డబ్బు పంపితే వంద డాలర్లకి ఎంత కమిషన్ పోతుందో నెలనెలా నోట్‌బుక్‌లో. మన టెక్స్ట్‌బుక్‌లో ఉండేవేమో బేస్‌బాల్ యావరేజులు, గోల్ఫ్ స్కోర్లు. బేస్‌బాల్ అంటే నాకే సరిగ్గా తెలియదు, ఇన్నేళ్ళూ తెలిసినట్టు నటిస్తూ చెప్పుకొచ్చా. ఆ పాలలెక్క, ఆ కమిషన్ లెక్క పేర్లు తీసేసి, వాళ్ళని అడిగి, డేటాగా వాడుకున్నా. సెమిస్టర్ మొత్తానికి నాలుగు డేటాసెట్లు సరిపోయాయి, అన్ని చాప్టర్లకీ అవే తిప్పి తిప్పి వాడితే పిల్లలకి కూడా ఏ కాలమ్ ఏంటో గుర్తుంటుంది.

సర్వేలో బయటపడ్డ ఇంకో సంగతి, దాదాపు సగం మంది ఫోన్‌లోనే క్లాసు చూస్తున్నారు. కల్చర్ సంగతి తర్వాత, ముందు ఇది తేల్చుకోవాలి. ఎక్సెల్ ఫైలు ఫోన్‌లో తెరిస్తే నాలుగు గళ్ళు కనిపిస్తాయి, గ్రాఫ్ గీయమంటే ఏం గీస్తారు. అంతా గూగుల్ షీట్స్‌కీ డెస్మోస్‌కీ (గ్రాఫులు గీసే ఫ్రీ సైట్) మార్చా, పుస్తకం ఓపెన్‌ఇంట్రో వాళ్ళది ఫ్రీ పీడీఎఫ్, హోంవర్క్ మైఓపెన్‌మ్యాథ్, అదీ ఫ్రీ. పుస్తకాల ఖర్చు సున్నా అయ్యేసరికి మొదటి వారంలో ఎప్పుడూ వచ్చే "జీతం వచ్చాక పుస్తకం కొంటా ప్రొఫెసర్" మెయిల్స్ ఈసారి ఒక్కటీ రాలేదు. నా జేబులోంచి అయితే ఒక డాక్యుమెంట్ కెమెరా 90 డాలర్లు, చేత్తో రాస్తూ చూపిస్తే ఫోన్‌లో స్లైడ్ కన్నా బాగా కనిపిస్తుంది, దానికి రీయింబర్స్‌మెంట్ లేదు, అడ్జంక్టులకి ఉండదట.

ఆటో క్యాప్షన్లు ఆన్ చేస్తే ఇంకో తమాషా. నేను మన అలవాటుగా "జెడ్ స్కోర్" అంటే కింద "సెడ్ స్కోర్" అని పడుతోంది, క్యాప్షన్లు చదువుకునే పిల్లలు అదేదో కొత్త స్కోర్ అనుకుని రాసుకున్నారు. ఇప్పుడు జెడ్‌ని అమెరికావాళ్ళలా పలికి జీ స్కోర్ అంటున్నా, ఇంట్లో కూడా అలాగే వచ్చేస్తోంది.

పేర్ల విషయం నాకు తెలిసిన బాధే. మన ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఎటో వెళ్ళి కాలేజీ సిస్టమ్‌లో ఇంకెటో పడి నన్ను మొదటి ఏడాదంతా ఇంటిపేరుతోనే పిలిచారు. సోమాలీల్లో ఇంటిపేరే ఉండదు, తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, అంతే. లిస్టులో చివర ఉన్న పేరుతో పిలిస్తే వాళ్ళ తాతని పిలిచినట్టు. మాంగ్‌లకి చివరి పేరు వంశం పేరు, యాంగ్ అనీ వాంగ్ అనీ, ఒకే వంశం పేరున్న ఇద్దరు చుట్టాలు కాకపోయినా చాట్‌లో మొదటిరోజే అన్నా చెల్లీ అని పిలుచుకున్నారు. పంపిన రికార్డింగులు వంట చేస్తూ వింటూ నేర్చుకున్నా, రెండు వారాలు పట్టింది. జనవరి ఆఖర్లో ఒకమ్మాయి పేరు సరిగ్గా పలికితే జూమ్‌లో మ్యూట్ తీసి నవ్వింది, ఏమీ అనలేదు, నవ్వి మళ్ళీ మ్యూట్ పెట్టేసుకుంది.

ఇక కెమెరాలు. క్లాసు మంగళ, గురువారాలు సాయంత్రం 6 నుంచి 7:15. కెమెరా ఆన్ చేయకపోతే పార్టిసిపేషన్ మార్కులు తగ్గించొచ్చని డిపార్ట్‌మెంట్ పాత రూల్. సర్వేలో అడగకుండానే కొందరు రాశారు, ఇంట్లో తలకి గుడ్డ కట్టుకోకుండా ఉంటామనీ, ఒక గదిలో ముగ్గురం చదువుకుంటామనీ. ఒకమ్మాయి తమ్ముళ్ళ గోల భరించలేక పార్కింగ్‌లో కారులో కూర్చుని వింటుంది, జనవరిలో మిన్నెసోటాలో కారులో! ఆ రూల్ తీసేశా, దాని బదులు పోల్స్, చాట్, నాకొక్కదానికే ప్రైవేట్ మెసేజ్. చెప్పడానికి బాగుంది కానీ మొదటి మూడు వారాలు నరకం. నల్లటి డబ్బాలు వరసగా, గోడకి చెప్పుకుంటున్నట్టు, జోక్ వేస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. క్లాసయ్యాక కిందకి దిగి మా ఆయనతో "వీళ్ళలో సగం మంది నిద్రపోతున్నారు" అనేదాన్ని. ఫిబ్రవరి మొదట్లో ప్రైవేట్ మెసేజ్‌లు మొదలయ్యాయి, అందరి ముందూ టీచర్ని ప్రశ్నించడం మర్యాద కాదని పెరిగినవాళ్ళు అందులో తెగ అడుగుతున్నారు. అడిగినవాళ్ళ పేరు చెప్పకుండా "ఒక మంచి ప్రశ్న వచ్చింది" అని అందరికీ జవాబు చెప్తుంటే ఇంకా పెరిగాయి. క్లాసు చెప్తూ ఆ మెసేజ్‌లు చదవడం మాత్రం తల ప్రాణం తోకకొచ్చే పని, రెండో స్క్రీన్ లేకపోతే అసలు కుదరదు.

ఫిబ్రవరి రెండో వారం ప్రాబబిలిటీ. ప్రపంచంలో ఏ స్టాటిస్టిక్స్ పుస్తకం తెరిచినా పేకముక్కలే. మన ఇళ్ళల్లో సంక్రాంతికి మామయ్యలు అరుగు మీద కూర్చుంటే ఇస్పేటు, ఆటీను పుట్టుకతోనే వచ్చేస్తాయి, కానీ పేకముక్క చేత్తో పట్టుకోనివాళ్ళకి "52లో 13 హార్ట్స్" అంటే ముందు అదేంటో నేర్చుకోవాలి, తర్వాత లెక్క. అలాగని సోమాలీలందరికీ పేక తెలియదని అనుకోవడానికీ లేదు, ఒకబ్బాయి "మా అన్నలు రాత్రంతా ఆడతారు, నాకు బాగా వచ్చు" అన్నాడు. ఇంకొకావిడ "లెక్క వేయడానికి నాకేం ఇబ్బంది లేదు, ఆడటం వేరు" అంది. అయినా నేను పేక పక్కనపెట్టి, పాట లేని లాటరీ చీటీ మీద ఒక లెక్క తయారుచేశా. పదిమంది, నెలకి తలా 500 డాలర్లు, నెలకొకరికి 5,000 చేతికి, వడ్డీ లేదు, ఎవరికి ఏ నెలో లాటరీ తీస్తారు. మొదటి మూడు నెలల్లో నీకు వచ్చే ఛాన్స్ ఎంత, సగటున ఎన్నో నెల దాకా ఆగాలి, అక్కాచెల్లెళ్ళిద్దరికీ మొదటి మూడు నెలల్లోనే వచ్చే ఛాన్స్ ఎంత. పది నిమిషాల్లో తేల్చేద్దామనుకున్నా.

చాట్ ఒక్కసారి పేలిపోయింది. సోమాలీ ఆడవాళ్ళందరూ "ఇది అయ్యూతో" అని, మెక్సికన్ అక్కాచెల్లెళ్ళు "మా అమ్మ తాండా" అని, నేను "మా అమ్మ చీటీ" అని. నేనెవర్నీ మీ సంస్కృతి చెప్పమని అడగలేదు, వాళ్ళే లెక్కలోకి దిగారు. ఛాన్స్ పదిలో మూడు, సగటు ఐదున్నర నెలలు, అక్కడిదాకా బానే వచ్చింది. అక్కాచెల్లెళ్ళ లెక్క దగ్గర, పదిహేనులో ఒకటి రావాలి, ఆ నర్సింగ్ అసిస్టెంట్ ఆవిడ మ్యూట్ తీసింది. సెమిస్టర్‌లో అదే మొదటిసారి ఆవిడ గొంతు విన్నాం. "ప్రొఫెసర్, మీ లెక్క తప్పు" అంది. "మేం లాటరీ తీయం. ఎవరి కొడుక్కి పెళ్ళుంటే వాళ్ళకి ముందు, ఎవరికి కారు చెడిపోతే వాళ్ళకి ముందు. నమ్మకం కుదరనివాళ్ళు చివర్లో." నేను ఎన్నేళ్ళుగానో స్లైడ్ మీద చూపిస్తూ వచ్చిన "ర్యాండమ్ అనే అజంప్షన్ నిలవకపోతే ఫార్ములా పనిచేయదు" అనే వాక్యం ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది. మరి అవసరం బట్టి ఇచ్చేటప్పుడు ఛాన్స్ ఎలా లెక్కపెడతాం అని మిగతా క్లాసంతా దాని మీదే పోయింది, కండిషనల్ ప్రాబబిలిటీ (ఒక సంగతి తెలిశాక ఇంకోదానికి ఉండే ఛాన్స్) తర్వాతి వారం చెప్పాల్సింది అప్పుడే వచ్చేసింది. సిలబస్ ఒక క్లాసు వెనక పడింది, పడనీ అనుకున్నా.

ఆ రాత్రి పాడి రైతు కుర్రాడు మెయిల్ పెట్టాడు, మా ఊళ్ళో ఇలాంటివి ఏమీ లేవు కానీ శుక్రవారం బార్‌లో మీట్ ర్యాఫిల్ ఉంటుంది, లెక్కకి పనికొస్తుందా అని. మిన్నెసోటాలో ఇది పెద్ద సరదా, డాలర్ టికెట్ కొంటే డ్రాలో మాంసం ప్యాకెట్లు గెలుచుకోవచ్చు. పోయినవారం ఎన్ని టికెట్లు అమ్మారు, ప్యాకెట్ ధర ఎంత అన్నీ కనుక్కుని పంపాడు, ఎక్స్‌పెక్టెడ్ వాల్యూకి, అంటే టికెట్‌కి సగటున ఎంత వస్తుందనే లెక్కకి, ఇంతకన్నా ఏం కావాలి. ట్రైనింగ్‌లో ఆరు వారాలు కల్చర్ అంటే వేరే దేశాలవాళ్ళదే అన్నట్టు మాట్లాడారు, పక్క కౌంటీ తెల్ల కుర్రాడికి కూడా ఒకటుందని ఎవరికీ గుర్తు రాలేదు.

మార్చి 1న రంజాన్. సూర్యాస్తమయం ఆ వారం ఇక్కడ సాయంత్రం 6 దాటి నాలుగైదు నిమిషాలకి, నా క్లాసు మొదలయ్యేది సరిగ్గా ఆరింటికి. రోజంతా ఏమీ తినకుండా, నీళ్ళైనా తాగకుండా ఉన్నవాళ్ళని ఇఫ్తార్ క్షణంలో మీన్, మీడియన్ అని కూర్చోబెట్టడం ఏంటని మార్చి 4, 6 తేదీల్లో మొదటి ఇరవై నిమిషాలు ముందే రికార్డ్ చేసి పెట్టా, లైవ్ 6:25కి మొదలు. అందరికీ అదే టైమ్, ఎందుకో చెప్పలేదు. తెలిసినవాళ్ళకి తెలిసింది. స్ప్రింగ్ బ్రేక్ అయి తిరిగొచ్చేసరికి గడియారాలు గంట ముందుకి జరిగాయి, సూర్యాస్తమయం 7:20 దాటింది, క్లాసు అప్పటికే అయిపోతుంది, ఇంక సమస్యే లేదు. మీరు అమెరికాలో సాయంత్రం క్లాసు చెప్తే ఈ డేలైట్ సేవింగ్ లెక్క ముందే చూసుకోండి, నెలంతా ఒకేలా ఉండదు.

ఈద్ కథ వేరు. చంద్రుడు కనిపిస్తేనే, కాబట్టి ఆదివారం 30నా సోమవారం 31నా ముందు రాత్రి దాకా తేలదు. మనకేం కొత్త కాదు, మొన్న దీపావళికి గుడి వాట్సాప్ గ్రూపులో 31నా 1నా అని ఎంత కొట్టుకున్నారు. రెండో పరీక్ష విండో శుక్రవారం నుంచి బుధవారం దాకా తెరిచి పెట్టేశా. కాలేజీ ఆన్‌లైన్ క్లాసులు నడిపే బ్రైట్‌స్పేస్‌లో ఒక్కొక్కరికి విడిగా టైమ్ ఇచ్చే స్పెషల్ యాక్సెస్ ఉంది కానీ దాని కోసం వాళ్ళు వచ్చి అడగాలి, అడగలేక సున్నా తెచ్చుకునేవాళ్ళే ఎక్కువ.

అదే నెలలో మాంగ్ అబ్బాయి ఒకడు శుక్రవారం నుంచి సోమవారం దాకా మాయం. వాళ్ళ అంత్యక్రియలు మూడు నాలుగు రోజులు రాత్రీ పగలూ జరుగుతాయి, వంశంలో కుర్రాళ్ళు వంటలు, పనులు చూసుకోవాలి, తప్పించుకోవడానికి లేదు. కాలేజీ రూల్‌లో మాత్రం చనిపోయింది "ఇమ్మీడియట్ ఫ్యామిలీ" అయితేనే మినహాయింపు, అదీ కాగితం చూపిస్తే. పెద్దనాన్న వరస అయ్యేవాడు అందులోకి రాడు. మన ఇళ్ళల్లో పెదనాన్న పోతే మేడమ్‌కి కాగితం ఎక్కడ తెస్తాం? జనవరిలోనే సిలబస్‌లో ఒక మార్పు పెట్టుకున్నా, ప్రతి స్టూడెంట్‌కీ రెండుసార్లు మూడు రోజుల పొడిగింపు, కారణం చెప్పక్కర్లేదు, ఫారమ్‌లో తేదీ నొక్కితే చాలు. దాన్నే వాడుకున్నాడు. అందరూ వాడుకున్నారనుకోండి. ఒజిబ్వే అబ్బాయి ఏప్రిల్ మొదట్లో సిరప్ కోసం మేపుల్ చెట్ల పాలు మరగబెట్టడానికి కుటుంబంతో అడవిలో ఉన్నాడు, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఆ కొద్ది రోజులే పాలు కారతాయి, పరీక్ష కోసం చెట్టు ఆగదు. రైతు కుర్రాడు ఒకసారి క్లాసు మధ్యలో కెమెరా ఆన్ చేసి "ప్రొఫెసర్, ఆవు ఈనుతోంది, వెళ్ళొస్తా" అని కొట్టంలోంచే చూపించాడు, 24 మంది గడ్డిలో తడితడిగా పడున్న దూడని చూశాం, ఆ రోజు చాట్‌లో రిగ్రెషన్ గురించి ఒక్క మాట లేదు. మే 10 ఫిషింగ్ ఓపెనర్‌కి, అంటే చేపల వేట సీజన్ మొదటి రోజుకి కూడా ఒకడు పొడిగింపు నొక్కాడు. కారణం నేనడగలేదు, వాడే చేప ఫోటో పంపాడు.

పరీక్షల దగ్గర నేను పెద్ద రిస్క్ తీసుకున్నా. రిమోట్ ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్ వాడొచ్చు అని కాలేజీ చెప్తుంది, అది కెమెరాతో గదంతా తిప్పి చూపించమంటుంది, చెవులు కనిపించాలంటుంది. హిజాబ్ వేసుకున్న పిల్లలు దాంతో పడే బాధ అంతకుముందు ఏడాదే చూశా. ఇలాంటి రూమ్ స్కాన్ రాజ్యాంగానికి వ్యతిరేకమని 2022 ఆగస్టులో ఒహాయోలో ఒక ఫెడరల్ జడ్జి తీర్పు కూడా ఇచ్చాడు, మా రాష్ట్రానికి అది వర్తించదనుకోండి, అయినా. ఆ సాఫ్ట్‌వేర్ బదులు కాపలా లేకుండానే రాతపరీక్ష ఇచ్చి, తర్వాత ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడా, నువ్వు రాసిన ఈ లెక్క ఎందుకిలా చేశావు అని. కాపీ కొట్టినవాళ్ళు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. కానీ 28 మందికి పదేసి నిమిషాలంటే దాదాపు ఐదు గంటలు, ఒక్క పరీక్షకే. రాత్రి షిఫ్ట్ దిగొచ్చే అతనికి పొద్దున్న ఆరింటికి, పిల్లలు పడుకున్నాక వచ్చే ఆవిడకి రాత్రి పదింటికి. గొంతు పోయింది. క్లాసులో నోరు విప్పని ఒక మాంగ్ అమ్మాయి పీ-వాల్యూ ఏంటో నాకన్నా బాగా చెప్పింది, రాతలో సగం మార్కులు కూడా రాని పిల్ల.

డిస్కషన్ బోర్డులో కూడా ఇదే పద్ధతి పెట్టా, రాయడం ఇష్టం లేకపోతే రెండు నిమిషాలు మాట్లాడి రికార్డ్ పెట్టొచ్చు. సోమాలీకి అధికారికంగా లిపి వచ్చిందే 1972లో, అంతకుముందు కవిత్వమంతా నోటి మీదేనని ఎక్కడో చదివి వాళ్ళందరూ మాట్లాడతారనుకున్నా. పెద్దవాళ్ళు మాట్లాడారు, ఇక్కడ పుట్టిన పిల్లలు నా గొంతు నాకే నచ్చదని టైప్ చేశారు. ఎక్కువగా మాట్లాడింది రైతు పిల్లలు, ట్రాక్టర్ శబ్దంతో సహా. ఆ రికార్డింగులు వినడానికి చదవడం కన్నా రెట్టింపు టైమ్ పడుతుంది, 1.5 స్పీడ్‌లో పెట్టుకుని అంట్లు తోముతూ విన్నా.

ఏప్రిల్ మధ్యలో కాలేజీ నుంచి ఒకాయన వచ్చి క్లాసు చూసి రిపోర్ట్ రాశాడు. "కనిపించే ఎంగేజ్‌మెంట్ తక్కువ" అని. కెమెరాలు లేవు కదా, ఆయనకి కనిపించేది నల్ల డబ్బాలే. ఆ గంటంబావు క్లాసులో నాకొచ్చిన ప్రైవేట్ మెసేజ్‌లు పేర్లు కొట్టేసి ఆయనకి పంపా, నాలుగు పేజీలు వచ్చాయి. మూడు వారాలకి రిపోర్ట్‌లో ఆ ఒక్క లైన్ మార్చాడు. ఈ ట్రైనింగ్ నడిపిన ఆఫీసూ ఈయన్ని పంపిన ఆఫీసూ ఒకే బిల్డింగ్‌లో ఉంటాయి, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు అంతే.

మే మధ్యలో సెమిస్టర్ అయింది. అంతకుముందు స్ప్రింగ్‌లో 30 మందిలో తొమ్మిది మంది మధ్యలో మానేశారు, ఈసారి 28లో నలుగురు. ఇది నా గొప్ప అని చెప్పను, ఫీజు లేకపోవడం వల్ల కావచ్చు, పుస్తకం ఫ్రీ కావడం వల్ల కావచ్చు, ఒక్క క్లాసు చూసి తేల్చేస్తే నా స్టూడెంట్లే నన్ను నిలదీస్తారు. ఎవాల్యుయేషన్లలో "టీచర్ నా పేరు సరిగ్గా పలికింది" అని ముగ్గురు రాశారు, లెక్కల గురించి అడిగిన గడిలో. ఒకరు "ప్రతిదీ చీటీలూ ఆవులేనా, మామూలు లెక్కలు ఇవ్వచ్చు కదా" అని రాశారు, అందులోనూ న్యాయం ఉంది, ఏప్రిల్ వచ్చేసరికి ఆ పాల డేటా చూస్తే నాకే విసుగొచ్చింది.

స్టైపెండ్ జూన్ రెండో వారంలో జీతంతో కలిపి పడింది, ట్యాక్స్ పోను చేతికొచ్చింది నాలుగొందల లోపే. ట్రైనింగ్, సెలవుల్లో తిరగరాసింది, నోటి పరీక్షలు అన్నీ కలిపి లెక్కేస్తే గంటకి నాలుగు డాలర్లు కూడా పడలేదు, మా రాష్ట్రంలో 2025లో కనీస వేతనం 11.13. మా ఆయనకి చెప్పలేదు. మీలో ఎవరైనా ఒప్పుకునే ముందు రెండు సంగతులు రాతపూర్వకంగా అడగండి, స్టైపెండ్ ఎప్పుడు పడుతుంది, తిరగరాసిన కోర్సు మళ్ళీ మీకే ఇస్తారా అని. నాది ఫాల్‌కి ఇంకొకరికి ఇచ్చారు, నా ఫైళ్ళన్నీ కాపీ చేసుకుని మరీ, నాకు స్ప్రింగ్‌కి ఇస్తామన్నారు.

ఆ స్ప్రింగ్ 2026లో రంజాన్ ఫిబ్రవరి 18 ప్రాంతంలోనే మొదలవుతుంది, అప్పుడిక్కడ సూర్యాస్తమయం 5:45కి, మార్చి 8న గడియారాలు మారేదాకా ఇఫ్తార్ నా క్లాసుకి కాస్త ముందో, మొదలయ్యాకో వస్తుంది, ఒక వారం కాదు, ఈసారి దాదాపు మూడు వారాలు. క్లాసుని 6:30కి జరపమని మే నెలాఖర్లో డిపార్ట్‌మెంట్ చైర్‌కి మెయిల్ పెట్టా, సూర్యాస్తమయాల పట్టీ కూడా జతచేశా. గది అక్కర్లేని ఆన్‌లైన్ క్లాసుకి కూడా టైమ్ మార్చాలంటే షెడ్యూలింగ్ కమిటీ ఒప్పుకోవాలట, వాళ్ళు ఆగస్టులో గానీ కూర్చోరట.